బంగారు గనుల ఊళ్లో పేరు లేని వీధులు

సెలవు రోజు వస్తే చాలు, కుప్పం, వి.కోట, పలమనేరు వైపు నుంచి కుర్రాళ్లు బైకులేసుకుని కేజీఎఫ్ కు వస్తుంటారు. 2018లో ఒకటి, 2022లో ఇంకొకటి సినిమా వచ్చాక ఊరి పేరు దేశమంతా తెలిసిపోయింది మరి. రాబర్ట్‌సన్‌పేటలో బండి ఆపి వాళ్లు అడిగే మొదటి మాట ఇది: 'అన్నా, కేజీఎఫ్ యాడుందన్నా?'

కేజీఎఫ్ లోనే నిలబడి కేజీఎఫ్ ఎక్కడని అడిగితే నవ్వొస్తుంది. అయితే తప్పు వాళ్లది కాదు. కేజీఎఫ్ అంటే ఒక ఊరు కాదు, ఊళ్ల గుంపు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊరుగాం, కోరమాండల్, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం... ఒకదాన్నుంచి ఇంకొకదానిలోకి ఎప్పుడు అడుగు పెట్టామో కొత్తవాడికి తెలియదు. అడిగితే జవాబు మూడు భాషల్లో వస్తుంది. 'నేర హోగి, ఫైవ్ లైట్స్ హత్ర కేళి' అని ఒకరు. 'నేరా పోంగ' అని ఇంకొకరు. 'ఇట్లే పోతే దిబ్బ కనపడతాది' అని మూడో ఆయన. ముగ్గురూ మంచోళ్లే. దారి మాత్రం తెలియలేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు అర్ధగంట తిరిగితే పోయేదేమీ లేదు. ఊళ్లో ఉండేవాళ్ల సంగతే అసలు సమస్య. గని కార్మికుల కోసం కంపెనీ కట్టిన ఇళ్ల వరుసలను ఇక్కడ 'లైన్లు' అంటారు. ఒకే ఎత్తు, ఒకే తీరు, పక్కపక్కనే వందల ఇళ్లు. కంపెనీ నడిచే రోజుల్లో ఏ లైను ఎవరిదో, ఏ ఇంటికి ఏ నంబరో చెప్పడానికి మనుషులుండేవారు, రిజిస్టర్లుండేవి. 2001 ఫిబ్రవరి ఆఖరున భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. అప్పటినుంచి లైన్ల పేర్లు పెద్దవాళ్ల నోట్లోనే బతుకుతున్నాయి. వాళ్ల పిల్లలు తెల్లవారక ముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక తిరిగొస్తారు. పగటిపూట ఇంట్లో ఉండేది ముసలివాళ్లు. ఎవరికైనా గుండెనొప్పి వచ్చి 108కి ఫోన్ చేస్తే 'ఎక్కడికి రావాలి' అన్న ప్రశ్నకు జవాబేంది? 'వేపచెట్టు కాడ, మూడో సందు' అంటే డ్రైవరుకు ఏం అర్థమవుతుంది? ఆ వేపచెట్టు కొట్టేసి ఎన్నేళ్లయిందో!

ఫోన్లో మ్యాపు ఉంది కదా అంటారు కొందరు. మ్యాపు చెప్పేది జనం రాసిపెట్టిన పేర్లే. పేరు రాయని సందును అది కూడా పేరు లేని రోడ్డనే చూపిస్తుంది. వీధి మొగదల్లో పేరు పలక ఉంటేనే ఆ పేరు ఫోన్లోకి, ఉత్తరం మీదకి, రేషన్ కార్డు మీదకి ఒకే తీరుగా ఎక్కుతుంది.

బోర్డులంటే మన ప్రాంతంలో వెంటనే భాష గొడవ గుర్తొస్తుంది. దాన్ని దాటేసి రాయడం కుదరదు. దుకాణాలు, సంస్థల పేరు పలకల్లో 60 శాతం కన్నడ ఉండాలని 2024లో కర్ణాటక చట్టాన్ని సవరించింది. వీధి బోర్డు మీద కన్నడ ముందుండాలనడంలో నాకు పేచీ లేదు. ఈ రాష్ట్రంలో ఉంటూ పేచీ పెట్టడం న్యాయమూ కాదు. పైగా తెలుగు చదవడం వచ్చినవాడికి కన్నడ బోర్డు మరీ పరాయిది కాదు. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. తలకట్టు తేడా, నాలుగైదు అక్షరాల తేడా పట్టుకుంటే ముళబాగిలు, శ్రీనివాసపుర అని కూడబలుక్కుని చదివేయొచ్చు. సరిహద్దు పల్లెల్లో బడికి రెండేళ్లు పోయిన రైతు కూడా బస్సు బోర్డు అట్లాగే చదువుతున్నాడు. అక్షరాలు పెద్దవిగా, తేటగా ఉండాలి, అంతే. ఇప్పుడున్నవి చాలాచోట్ల తుప్పు పట్టి, సగం అక్షరాలు రాలిపోయి, ఏ భాషవాడికీ పనికిరాకుండా ఉన్నాయి. ఈ విషయంలో మాత్రం మూడు భాషలకూ సమానహక్కు దక్కింది!

అయితే ఆస్పత్రి, కోర్టు, తాలూకా ఆఫీసు, బస్టాండు వేరే లెక్క. పుంగనూరు, పలమనేరు వైపు నుంచి జబ్బు మనిషిని తీసుకుని కోలారుకు వచ్చేవాళ్లకు కూడబలుక్కునే ఓపిక, సమయం ఉండవు. అట్లాంటి చోట్ల కన్నడ కింద తెలుగులో ఒక వరస, కేజీఎఫ్ లో అయితే తమిళంలో ఇంకో వరస రాస్తే కన్నడకు వచ్చే నష్టమేమీ లేదు.

ఇక అసలే చదవడం రానివాళ్ల మాట. వాళ్ల కోసం ఏ భాషలో రాస్తారు? దీనికి జవాబు మన దేశమే ఎప్పుడో కనిపెట్టింది. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు పార్టీలకు గుర్తులిచ్చారు. చదువు రాని అవ్వ కూడా బొమ్మ చూసి ఓటేసింది. ఇదే ఆలోచన మెక్సికో నగరంలో మెట్రో రైలుకు పనికొచ్చింది. 1969లో అది మొదలైనప్పుడు ప్రతి స్టేషనుకూ పేరుతో పాటు ఒక బొమ్మ పెట్టారు. చదవలేనివాళ్లు బొమ్మ పేరు చెప్పి దిగిపోయేవారు. ఆ బొమ్మలు నేటికీ ఉన్నాయి, ఊరికి అందం కూడా అయ్యాయి.

కేజీఎఫ్ లో బొమ్మలకు కరువా? ఛాంపియన్ రీఫ్ కు గని మీది ఇనుప చట్రం, మారికుప్పానికి రైలు, బెమెల్ నగరానికి మట్టి తోడే యంత్రం, బేతమంగళం దారికి చెరువు, కమ్మసంద్ర కోటిలింగేశ్వరుడి దారికి లింగం. పేట పేటకూ ఒక రంగు. 'నీలం బోర్డు కాడ దిగు, చట్రం బొమ్మ ఉంటాది' అని అవ్వకు చెప్పి బస్సెక్కించొచ్చు. అందమైన బోర్డు అంటే డబ్బున్న ఊళ్ల సోకు అనుకుంటాం. అందం ఇక్కడ గుర్తుపట్టడానికి పనికొస్తుంది. రంగు, బొమ్మ, ఆకారం కంటికి ఆనేంత వేగంగా అక్షరం ఆనదు.

పేర్ల సంగతికొస్తే, మన జిల్లాలో ఒక్కో పేరు వెనక ఒక్కో కథ ఉంది. కోలారును పాత కాలంలో కువళాల అనేవారు, గంగరాజుల తొలి రాజధాని. ముళబాగిలు అంటే తూర్పు వాకిలి. బంగారుపేట ఒకప్పటి బౌరింగ్‌పేట, మైసూరు కమిషనరుగా చేసిన దొర పేరు అది. బూదికోట హైదర్ అలీ పుట్టిన ఊరు. గౌనిపల్లి, పెద్దపల్లి చూడండి, కర్ణాటక నడుమ 'పల్లి' పల్లిగానే నిలిచింది. అన్నట్టు, కన్నడ 'హళ్ళి' కూడా పాత రోజుల్లో 'పళ్ళి'యే. పెద్దపల్లి దగ్గరి అగ్నిపర్వత శిలలను భూగర్భ శాఖ జాతీయ స్మారకంగా గుర్తించింది. ఆ రాళ్ల మీదే మేకలు కాసుకునే పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇంకా పెద్ద కథలు కేజీఎఫ్ లోనే ఉన్నాయి. శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి 1902లో గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరుకు కరెంటు దీపాలు వచ్చింది ఆ తర్వాత, 1905లో. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున టాటా సంస్థ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండు వాళ్లతో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ప్రపంచంలో అట్లా పట్టుకున్న మొదటి చోట్లలో ఇది ఒకటి. భౌతికశాస్త్రం పుస్తకాల్లో మన ఊరి పేరుంది. ఊళ్లోనే రోడ్డు పక్కన, స్కూలు పిల్లలు నడిచే దారిలో రెండు వాక్యాల పలక ఉండాలి కదా? లండన్లో పేరున్న మనుషులు బతికిన ఇళ్లకు ఇట్లాంటి పలకలు పెట్టడం 1860ల నుంచే జరుగుతోంది. పుదుచ్చేరిలో నీలి రంగు వీధి పలకలను చూడ్డానికే జనం పోతున్నారు. అది మనకు నాలుగైదు గంటల దారి.

లండన్ కన్నా మనకు దగ్గరి చుట్టం ఇంకొకటుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనుల పని చేపట్టాక, ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గనుల పని తెలిసినవాళ్లను తీసుకొచ్చింది. ఆ కార్న్‌వాల్ లో కూడా గనులు మూతపడ్డాయి, జనం వలస పోయారు. వాళ్ల సొంత భాష కార్నిష్ మాట్లాడేవాళ్లు కూడా దాదాపు లేకుండా పోయారు. అయితే వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పాత గని కట్టడాలన్నీ చూపించి 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు తెచ్చుకున్నారు. 2009 నుంచి అక్కడి కౌన్సిలు, వీధి బోర్డు పాతబడి మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఇంగ్లీషుతో పాటు కార్నిష్ లో కూడా పేరు రాస్తోంది. అన్నీ ఒకేసారి పీకి మార్చలేదు, గమనించండి. చెడిపోయినదాన్ని చెడిపోయినప్పుడు మార్చారు. ఖర్చు తెలియలేదు, గొడవా పెరగలేదు. మన గనుల్లో మేస్త్రీలుగా చేసినవాళ్ల ఊరు చేసిన పని మనం చేయలేమా?

ఒక మాట మాత్రం చెప్పాలి. ఇక్కడి షాఫ్టులకు, పేటలకు మిగిలినవి దొరల పేర్లే. గిఫర్డ్ షాఫ్టు, ఎడ్గర్ షాఫ్టు, రాబర్ట్‌సన్, ఆండర్సన్. లోపలికి దిగి రాయి కొట్టినవాళ్లు ఉత్తరార్కాటు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన పేదలు, ఎక్కువమంది దళితులు. వాళ్ల పేరు ఏ గోడ మీదా లేదు. పాత పేర్లు తీసేయమని అనడం లేదు. తీసేస్తే ఆ చోటుకు వచ్చేది కార్మికుడి పేరు కాదు, ఏ నాయకుడి పేరో! పాత పేరు ఉంచి, కింద ఈ లైనులో ఎవరు బతికారు, ఏ గనిలో పని చేశారు అని రెండు మాటలు రాస్తే చాలు. చెప్పడానికి అప్పటి కార్మికులు ఇంకా ఉన్నారు. ఇరవై అయిదేళ్ల కిందట గని మూసినప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటుతోంది.

దిబ్బల విషయంలో కూడా తొందర ఉంది. పాత సైనైడ్ దిబ్బల నుంచి మళ్లీ బంగారం తీసే కేంద్ర ప్రతిపాదనకు 2024 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 13 దిబ్బలు, వెయ్యి ఎకరాల పైచిలుకు. పని వస్తే మంచిదే, ఊరికి పని కావాలి. కానీ ఊరికి గుర్తుగా నిలిచిన కొండలే అవి. 'దిబ్బ కనపడతాది' అని దారి చెప్పే ఊళ్లో దిబ్బే పోతే? పని మొదలయ్యే లోపల సెల్ఫీల కోసం దిబ్బలెక్కే పిల్లలకు ఆ దుమ్ము మంచిది కాదని, పాత షాఫ్టుల దగ్గరికి పోవద్దని బొమ్మతో హెచ్చరిక పలకలు కూడా పెట్టాలి. ఇది అలంకారం కాదు, ప్రాణం సంగతి.

'తాగే నీళ్లకే దిక్కు లేదు, బోర్డులెందుకు' అని అడిగేవాళ్లున్నారు. వెయ్యి అడుగులు బోరు వేసే జిల్లాలో ఆ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. నీళ్ల డబ్బు తీసి బోర్డులకు పెట్టమని ఎవరూ అడగరు. అయితే ఊళ్లో బోర్డులకు డబ్బు లేదని మాత్రం అనొద్దు. ఏ సర్కిల్లో చూసినా నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సులే. దారి చూపే పలక ఉన్న చోట కూడా దాని ముందు ఫ్లెక్సు కట్టేస్తారు. ఆస్పత్రి ఎటుందో తెలియదు గానీ ఎవరికి ఎన్నో ఏడు వచ్చిందో తెలుస్తుంది!

ఆ ఫ్లెక్సులు వచ్చాకే కుంచె పట్టి బోర్డులు రాసేవాళ్ల పని పోయింది. రాబర్ట్‌సన్‌పేట బజారులో మూడు భాషల్లోనూ అక్షరం తప్పు లేకుండా రాసే చేతులుండేవి. వాళ్లలో కొందరు ఇప్పుడు ఇళ్లకు సున్నాలేస్తున్నారు. టెండరు పిలిచి బయటి కంపెనీ చేత ఒకే అచ్చు బోర్డులు తెప్పించే బదులు ఈ చేతులకే పని ఇవ్వొచ్చు. అయితే కొలతలు, రంగులు, అక్షరాల పరిమాణం నగరసభే ఖాయం చేయాలి. రాత్రిపూట లైటు పడితే మెరిసే రంగు వాడాలి. పెద్ద రోడ్ల మీది పలకలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాలున్నాయి, వాటిని పాటించాలి. సొంత ఊహ అంతా లోపలి వీధుల్లో చూపించొచ్చు. ఆ తర్వాత ఏడాదికోసారి కడిగేది, తుప్పు గీకేది ఎవరో కూడా మొదటే రాసుకోవాలి. లేకపోతే రెండేళ్లకు మళ్లీ ఇదే కథ.

చిక్కు ఒకటుంది. పేటలు నగరసభవి, గని భూములు కేంద్ర సంస్థవి, స్టేషన్లు రైల్వేవి. ఒకరు బోర్డు పాతితే ఇంకొకరు మా జాగా అంటారు. జిల్లాధికారి ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెడితే ఒక పూటలో తేలే పని ఇది.

మొదటి పలక మారికుప్పం స్టేషను బయట పెట్టాలి. కన్నడం, తెలుగు, తమిళం, ఇంగ్లీషు. పక్కన లైన్లన్నీ చూపించే పటం, ఏ లైనుకు నడిచి పోతే ఎన్ని నిమిషాలో. రాత్రి తొమ్మిదికి రైలు దిగేవాళ్లకు కనపడేట్టు పైన ఒక దీపం.