అక్కడ సరకు.. ఇక్కడ నేరం: గల్ఫ్ ప్రయాణికుల సంచిలో ఈ-సిగరెట్

కరీంనగర్, ఆదిలాబాద్: రెండేళ్లకో మూడేళ్లకో సెలవు దొరికి ఇంటిముఖం పట్టే గల్ఫ్ కార్మికుని సామానులో అత్తరు సీసాలు, సబ్బులు, చాక్లెట్లు, పిల్లల బట్టలు, ఒక కంబళి ఉండటం ఉత్తర తెలంగాణ పల్లెలకు దశాబ్దాలుగా పరిచయమైన దృశ్యం. ఇటీవలి కాలంలో ఆ సామాను నడుమ పెన్నులా, పెన్‌డ్రైవ్‌లా కనిపించే మరో వస్తువు చేరుతోంది. అదే ఈ-సిగరెట్. వాడుకలో వేప్ అంటున్నారు. దుబాయి దుకాణంలో రశీదుతో కొన్న ఈ వస్తువు, విమానంలో చేతి సంచిలో ఉండవచ్చునని అంతర్జాతీయ నిబంధనలు చెబుతున్న ఈ వస్తువు, శంషాబాద్‌లో దిగి కస్టమ్స్ తనిఖీకి చేరేసరికి నిషిద్ధ సరకుగా మారిపోతోంది. ఈ తేడాను ముందుగా వివరించే వారు లేకపోవడంతో మూల్యం చెల్లించవలసింది ప్రయాణికుడే.

మూడు గడపలు.. మూడు నిబంధనలు

ఈ-సిగరెట్‌తో విమానం ఎక్కే వ్యక్తి మూడు గడపలు దాటవలసి ఉంటుంది. మొదటిది విమాన భద్రత. రెండోది బయలుదేరే దేశం, మధ్యలో ఆగే దేశాల చట్టం. మూడోది దిగే దేశపు కస్టమ్స్. మొదటి గడప వద్ద ప్రశ్న బ్యాటరీ గురించి మాత్రమే. అక్కడ అనుమతి లభించినంత మాత్రాన మిగిలిన రెండు చోట్లా లభించినట్లు కాదు. సామాన్య ప్రయాణికుడు పొరబడుతున్నది సరిగ్గా ఇక్కడే. తనిఖీలో ఎవరూ ఆపలేదు కాబట్టి తప్పేమీ లేదని భావిస్తున్నాడు. భద్రతా సిబ్బంది చూసేది విమానానికి ప్రమాదం ఉన్నదా లేదా అనే విషయాన్నే తప్ప, భారతదేశంలో ఆ వస్తువు చెల్లుతుందా లేదా అని కాదు.

సంచిలో నిప్పు

ఈ-సిగరెట్‌లో లిథియం బ్యాటరీ ఉంటుంది. అది పొరపాటున వెలిగినా, లోపల షార్ట్ సర్క్యూట్ అయినా విపరీతంగా వేడెక్కి మంటలు చెలరేగుతాయి. 2014 ఆగస్టులో అమెరికాలోని బోస్టన్ విమానాశ్రయంలోనూ, 2015 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లోనూ ఈ-సిగరెట్ల కారణంగా లగేజీకి నిప్పంటుకున్నది. ఆ అనుభవాలతో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015 జూన్‌లో వీటిని చెక్-ఇన్ లగేజీలో పెట్టడాన్ని నిషేధించింది. విమానంలో వాటికి ఛార్జింగ్ పెట్టడాన్ని కూడా నిషేధించింది. చేతి సంచిలో గానీ జేబులో గానీ ఉంటే పొగ వచ్చిన వెంటనే సిబ్బంది చూసి నీటితో చల్లార్చగలరు. కింది భాగంలోని సరకుల గదిలో అయితే మంట ముదిరేవరకు తెలియదు.

ఈ భయం ఊహాజనితం కాదు. 2010 సెప్టెంబరు 3న దుబాయి నుంచి బయలుదేరిన ఒక సరకు రవాణా విమానంలో మంటలు చెలరేగి అది కూలిపోయింది. అందులోని ఇద్దరు పైలట్లు మరణించారు. ఆ సరకులో లిథియం బ్యాటరీలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు కూడా చేతి సంచిలోనే ఉండాలన్న నిబంధన ఉన్నది. సాధారణంగా అనుమతించే పరిమితి 100 వాట్ అవర్లు. వేప్‌లో వాడే ద్రవాన్ని చేతి సంచిలో తీసుకెళ్లాలంటే ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు మించరాదు.

ఇక విమానంలో పీల్చడం అన్నది ఎక్కడా అనుమతి లేని విషయం. పొగ కాదు, ఆవిరి మాత్రమే కదా అన్న వాదన చెల్లదు. 2018 జులై 10న హాంకాంగ్ నుంచి చైనాలోని దాలియన్‌కు వెళుతున్న ఎయిర్ చైనా విమానంలో సహ పైలట్ ఈ-సిగరెట్ పీల్చాడు. ఆ ఆవిరి ప్రయాణికుల వైపు వెళ్లకుండా చూడబోయి పొరపాటున ఎయిర్ కండిషనింగ్‌ను ఆపివేశాడు. లోపల గాలి పీడనం పడిపోవడంతో విమానాన్ని 35 వేల అడుగుల ఎత్తు నుంచి 10 వేల అడుగులకు హుటాహుటిన దించవలసి వచ్చింది. అందులో 153 మంది ప్రయాణికులున్నారు.

చట్టం ఏమంటోంది

మన దేశంలో ఈ-సిగరెట్లపై 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ జారీ అయింది. అదే నెల 26న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ దిగుమతిని నిషేధిస్తూ ప్రకటన వెలువరించింది. డిసెంబరులో ఆర్డినెన్స్ స్థానంలో పార్లమెంటు చట్టం వచ్చింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన.. అన్నీ ఈ చట్టం కింద నిషిద్ధమే. దిగుమతి, రవాణా వంటి నేరాలకు మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. రెండోసారి పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినందుకు మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ.

చట్టంలోని నిర్వచనం విస్తృతమైనది. నికోటిన్ ఉన్నా లేకున్నా, పేరు ఏదైనా, ఆకారం ఏదైనా ఎలక్ట్రానిక్ పరికరంతో ఆవిరి పీల్చేది ఈ-సిగరెట్టే. ఈ-హుక్కా, పొగాకును కాల్చకుండా వేడి చేసే పరికరాలు కూడా దీని కిందకే వస్తాయి. 'ఇది పండ్ల వాసన మాత్రమే' అన్న సమాధానం కస్టమ్స్ బల్ల వద్ద నిలవదు. సొంత వాడకం కోసం ఇన్ని తెచ్చుకోవచ్చునన్న మినహాయింపు కూడా చట్టంలో లేదు. సంఖ్యను బట్టి చర్య తీవ్రత మారవచ్చునేమో గానీ, ఒక్కటి తెచ్చినా అది దిగుమతే. దీనికి తోడు 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద సరకు జప్తు, జరిమానా ఉండనే ఉన్నాయి.

గల్ఫ్‌లోనూ ఒకే తీరు లేదు

ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2019లో నాణ్యతా ప్రమాణాలు నిర్ణయించి ఈ-సిగరెట్ల అమ్మకానికి అనుమతి ఇచ్చింది. అదే ఏడాది వాటిపై నూరు శాతం ఎక్సైజ్ పన్ను వేసింది. సౌదీ అరేబియా కూడా 2019లోనే వాటిని పన్ను పరిధిలోకి తెచ్చింది. పక్కనే ఉన్న ఖతార్ మాత్రం 2016 నాటి పొగాకు నియంత్రణ చట్టంతో వీటిని నిషేధించింది. ఒమన్‌లోనూ అమ్మకం నిషిద్ధమే. దుబాయిలో కొన్న వస్తువుతో దోహా మీదుగా ఇంటికి వచ్చే కార్మికుడు ఒకే ప్రయాణంలో అనుమతి ఉన్న దేశం నుంచి నిషేధం ఉన్న రెండు దేశాల గుండా నడుస్తున్నాడన్న మాట.

కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుంచి పనికి వెళ్లేవారు ఉన్న సింగపూర్‌లో పరిస్థితి మరింత కఠినం. అక్కడ 2018 ఫిబ్రవరి నుంచి వేప్‌ను కొనడం, దగ్గర ఉంచుకోవడం, వాడటం కూడా నేరమే. 2025 సెప్టెంబరు 1 నుంచి శిక్షలు ఇంకా పెంచారు. పదేపదే పట్టుబడే విదేశీయులకు పని అనుమతి రద్దయి, దేశం విడిచి వెళ్లవలసిన పరిస్థితి రావచ్చు. థాయిలాండ్ 2014 నుంచే దిగుమతిని నిషేధించింది.

బీడీల సీమలో అపోహ

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలలో బీడీలు చుట్టడం వేలాది మంది మహిళలకు జీవనాధారం. తునికాకు, తంబాకు చేట ముందు కూర్చున్న తల్లి సంపాదనతో పాస్‌పోర్టు తీసుకున్న యువకులు ఈ పల్లెల్లో ఎందరో ఉన్నారు. అటువంటి ఇంట పొగాకు ఒక వృత్తి, నేరం కాదు. కిరాణా దుకాణంలో బీడీ కట్ట దొరుకుతుంది, సిగరెట్ దొరుకుతుంది. విదేశాల నుంచి వచ్చేవారు నిర్ణీత సంఖ్యలో సిగరెట్లను సుంకం లేకుండా తెచ్చుకునేందుకు బ్యాగేజీ నిబంధనలలో వీలు ఉన్నది. అలాంటప్పుడు పొగే రాని ఈ చిన్న పరికరం అంతకంటే పెద్ద తప్పు ఎలా అవుతుందన్న ప్రశ్న సహజం.

సమాధానం చట్టం ఉద్దేశంలో ఉన్నది. బీడీ, సిగరెట్లను 2003 నాటి చట్టం నియంత్రిస్తుంది. ఈ-సిగరెట్‌ను 2019 నాటి చట్టం పూర్తిగా నిషేధిస్తుంది. యువత, విద్యార్థులు కొత్తగా నికోటిన్‌కు బానిసలు కాకుండా మొదట్లోనే అడ్డుకోవాలన్నది కేంద్రం నాడు చెప్పిన కారణం. మరింత మందిని బలిగొంటున్న సిగరెట్‌ను అమ్మనిచ్చి దీనిని మాత్రమే నిషేధించడంలో ఔచిత్యం ఏమిటని విమర్శించేవారు ఉన్నారు. ఆ చర్చ సాగవలసిందే. కానీ విమానాశ్రయంలో నిలబడిన ప్రయాణికునికి వర్తించేది చర్చ కాదు, చట్టం.

పోయేది వస్తువు కాదు.. ఉపాధి

అసలు నష్టం జరిమానాతో ఆగదు. కేసు నమోదైతే పోలీస్ స్టేషన్, న్యాయవాది, కోర్టు వాయిదాలు తప్పవు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ దాదాపు 160 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. ఒక్కో వాయిదాకు ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు పోతాయి. కోర్టు పాస్‌పోర్టు అప్పగించమని షరతు పెడితే తిరుగు ప్రయాణమే నిలిచిపోతుంది. సౌదీ నుంచి సెలవుపై వచ్చేవారు ఎగ్జిట్ రీఎంట్రీ వీసా గడువులోగా తిరిగి చేరాలి. ఎమిరేట్స్ కార్మికుడు ఆరు నెలలకు మించి బయట ఉంటే సాధారణంగా అతని నివాస అనుమతి చెల్లకుండా పోతుంది. వీసా కోసం చేసిన అప్పు తీరకముందే ఉపాధి పోతే ఆ భారం ఇంటిల్లిపాదిపై పడుతుంది.

మరో ముప్పు ఇతరుల సామాను. ఎవరైనా సెలవుపై వెళుతున్నారంటే క్యాంపులోని తోటివారు, 'అన్నా, గీ డబ్బా మా ఇంట్ల ఇయ్యరాదె' అని పొట్లాలు అప్పగించడం అలవాటు. ఊరివాడి మాట కాదనలేక తీసుకున్న డబ్బాలో ఏముందో మోసేవారికి తెలియదు. అయినా ఎవరి పేరు మీద లగేజీ ఉంటే జవాబు చెప్పుకోవలసింది వారే. మంచితనం కేసుగా మారడానికి ఒక్క డబ్బా చాలు.

చెప్పవలసిన వారెవరు

ఈ వ్యవహారంలో ఎవరి మాట వారిదిగానే ఉన్నది. విమానయాన సంస్థ బ్యాటరీ గురించి చెబుతుంది. దుకాణదారు ధర గురించి చెబుతాడు. కస్టమ్స్ అధికారి వస్తువు దొరికిన తరువాత చట్టం గురించి చెబుతాడు. కొనకముందే చెప్పే వ్యవస్థ ఒక్కటి కావాలి. విదేశాంగ శాఖ 2018 నుంచి వలస కార్మికులకు ప్రయాణానికి ముందు అవగాహన శిక్షణ ఇప్పిస్తోంది. పని చేయబోయే దేశపు చట్టాల గురించి అందులో చెబుతున్నప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు స్వదేశపు చట్టం గురించి కూడా చెప్పడం పెద్ద పని కాదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా వెళ్లేవారికీ, నమోదైన ఏజెంట్ల ద్వారా వెళ్లేవారికీ తెలుగులో ఒక్క కాగితం ఇస్తే సరిపోతుంది. గల్ఫ్ నుంచి హైదరాబాద్ వచ్చే విమానాలలో దిగడానికి ముందు తెలుగులో ఒక ప్రకటన చేయించినా కొంత మేలు. అయితే విమానం ఎక్కిన తరువాత తెలిసిన విషయం సగమే ఉపయోగం.

ఆదిలాబాద్ విమానాశ్రయంలో పౌర విమానాల రాకపోకలకు 2025 ఏప్రిల్‌లో రక్షణ శాఖ సమ్మతి లభించింది. రేపు అది సిద్ధమైనా నిబంధన మారదు. దేశీయ ప్రయాణంలోనూ ఈ-సిగరెట్ రవాణా నిషిద్ధమే.

ప్రయాణికులు గుర్తుంచుకోవలసినవి

ఇంటికి వచ్చేవారు ఈ-సిగరెట్‌ను, దాని ద్రవాన్ని, విడి భాగాలను అసలు సామానులో పెట్టుకోకపోవడమే మేలు. ఇక్కడి నుంచి వెళ్లేవారు కూడా తీసుకెళ్లరాదు, ఎగుమతీ నేరమే. ఇతరులు ఇచ్చిన పొట్లాన్ని వారి ఎదుటే విప్పి చూసి, తిరిగి కట్టాలి. తెలియక తెచ్చుకున్నవారు దాచిపెట్టి గ్రీన్ ఛానల్ గుండా వెళ్లే ప్రయత్నం చేయకుండా రెడ్ ఛానల్ వద్ద నిజం చెప్పడం ఉత్తమం. నిజాయితీగా వెల్లడించిన నిషిద్ధ వస్తువును తమ వద్ద ఉంచి, ప్రయాణికుడు దేశం విడిచి వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేందుకు కస్టమ్స్ చట్టంలోని 80వ సెక్షన్ అధికారికి వీలు కల్పిస్తోంది. అది ప్రయాణికుని హక్కు కాదు, అధికారి విచక్షణ. అయినా దాచి దొరికిపోవడం కంటే చెప్పి వదులుకోవడం చవక. రెండేళ్ల చెమట పోసి కొనుక్కున్న సెలవును ఒక చిన్న గొట్టం కోసం కోర్టు గుమ్మంలో గడపవలసిన అగత్యం ఏ కార్మికునికీ రాకూడదు.