నేలకు వెల కట్టుటకు ముందు

హైదరాబాదు నగరానికి దక్షిణాన కాటేదాన్ పారిశ్రామికవాడలో ఒక చిన్న చెరువు ఉన్నది. పేరు నూర్ మహమ్మద్ కుంట. నూర్ అనగా వెలుగు అని మా ఉర్దూ విభాగపు మిత్రులకు చెప్పనక్కరలేదు. ఆ నీటికి ఆ పేరుతో పొత్తు చెడి చాలా కాలమైనది. రంగుల తయారీ, బ్యాటరీలు, లోహపు పూత మున్నగు పరిశ్రమల వ్యర్థాలు ఆ వాడలో శుద్ధి లేకుండానే గుంటలలోను, బాటల ప్రక్కన, ఖాళీ స్థలాలలోను పడినవి. వానకు కొట్టుకొనిపోయి, గాలికి లేచి వ్యాపించినవి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి మట్టిని పరీక్షించి, సీసం, క్రోమియం, రాగి, జింకు హెచ్చుగా ఉన్నవని 2008లో ప్రకటించినారు. 2010లో ప్రపంచబ్యాంకు సహాయంతో ప్రయోగాత్మకంగా శుద్ధి చేయుటకు ఎన్నుకొన్న స్థలాలలో ఈ కుంట ఒకటి.

నగర పరిసరాలలోని పారిశ్రామికవాడల భూములను రుసుము చెల్లించి నివాసాలకు, వ్యాపార భవనాలకు మార్చుకొనవచ్చునని 2025 చివరలో తెలంగాణ ప్రభుత్వం ఒక విధానాన్ని ప్రకటించినది. 22 వాడలు, 9 వేల ఎకరాలకు పైగా భూమి. దానిపై సాగిన చర్చలో అధికభాగం రుసుము తక్కువా, ఎక్కువా అన్న దానిమీదనే నడిచినది. ఆ నేలలో ఏమున్నదన్న ప్రశ్న వెనుకబడినది. మా అభిప్రాయంలో ముందు అడుగవలసిన ప్రశ్న అదియే.

ఏలయనగా, కర్మాగారం తరలిపోయినా దాని మట్టి తరలిపోదు. నేలమీద ఆడుకొని, చేతులు నోట పెట్టుకొనే పసివానికి సీసం చేసే హాని పెద్దలకంటె ఎక్కువ. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. చెరువు గట్టున పచ్చిక పరచి, దీపాలు పెట్టి, బెంచీలు వేసినంత మాత్రాన అది పోదు.

ఈ విషయంలో సియాటిల్ నగరపు అనుభవాన్ని తెలుసుకొనుట మేలు. అమెరికాలోని ఆ నగరంలో, లేక్ యూనియన్ అనే సరస్సు ఒడ్డున, 1906లో ఒక గ్యాసు కర్మాగారం వెలసినది. మొదట బొగ్గు నుండి, తరువాత నూనె నుండి గ్యాసు తీసేవారు. సహజవాయువు రావడంతో 1956లో అది మూతబడినది. అర్ధశతాబ్దపు తారు, బెంజీను మట్టిలో మిగిలినవి. నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని కొన్నది. తుప్పుపట్టిన బురుజులను కూల్చి సుందరమైన తోట వేయవలెనని పలువురు కోరినారు. ఉద్యానశిల్పి రిచర్డ్ హాగ్ అందుకు ఒప్పుకొనలేదు. పాత బురుజులు కొన్నింటిని అట్లే నిలిపినాడు. మురుగుశుద్ధి కేంద్రపు బురద, రంపపుపొట్టు కలిపి మట్టిని దున్నించి, నూనెలను తిని బ్రతికే సూక్ష్మజీవులను పెంపొందించినాడు. శిథిలాలను గుట్టగా పోయించి పైన మంచి మన్ను కప్పించినాడు. 1975లో ఉద్యానవనం తెరచినారు. ఆ గుట్టమీద పిల్లలు నేటికీ గాలిపటాలు ఎగురవేస్తారు.

కథ అంతటితో ముగియలేదు. 1984లో మట్టిని మరల పరీక్షించగా హానికర పదార్థాలు బయటపడి, ఉద్యానవనాన్ని కొంతకాలం మూసివేసినారు. ఆ ఒడ్డున నీటిలో దిగుట నేటికీ నిషేధమే. సరస్సు అడుగున చేరిన బురద సంగతి గ్యాసు కంపెనీ వారసత్వ సంస్థ మీద, నగరపాలక సంస్థ మీద ఇంకా ఉన్నది. ఎప్పుడో మూతబడిన కర్మాగారపు అప్పు అది. అయినను ఆ నగరం దానిని దాచలేదు. ఆ విషయంలో మేము వారిని మెచ్చుకొంటాము.

మన కాటేదాన్ సమస్య అంతకంటె కష్టమైనది. తారును తినే సూక్ష్మజీవులు గలవు. సీసం మూలకం, దానిని ఏ జీవీ నిర్మూలించలేదు. త్రవ్వి తీసి భద్రమైన చోట పూడ్చవలె, లేదా కదలకుండా బంధించి పైన కప్పి, ఏటేటా చూచుకొనుచుండవలె. రెండింటికీ డబ్బు కావలె. కనుకనే భూమి ధర కట్టుటకు ముందే ఆ ఖర్చు లెక్కకు రావలెనని మేము కోరేది. మార్పిడితో లాభం పొందేవారే దానిని భరించుట న్యాయం. పరీక్షలంటే జాప్యమని, చిన్న యజమానులు చితికిపోతారని కొందరు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. అటువంటివారికి ప్రభుత్వం తోడ్పడవచ్చును. కాని శుద్ధి మానిన ఖర్చు ఎక్కడికీ పోదు, తరువాత ఆ ఇళ్ళలో కాపురముండేవారి పిల్లల మీద పడును. ఊరి వెలుపలకు తరలే కర్మాగారం అక్కడి చెరువును ఏమి చేయునన్నది మరొక వ్యాసానికి తగిన విషయం.

పరీక్షల ఫలితాలు ఆంగ్లంలో అచ్చయి దస్త్రాలలో ఉండిపోరాదు. ఆ వాడ చుట్టుప్రక్కల నివసించేవారు తెలుగు, ఉర్దూ చదివేవారు. మా కళాశాలలో ఆ రెండు భాషలు ఒకే వరండాలో వినిపిస్తాయి; రసాయనశాస్త్ర విద్యార్థులకు కొదువ లేదు. 2008 నాటి ఆ నివేదికను రెండు భాషలలో సులభంగా వ్రాసి, కుంట పరిసరాలలోని మసీదుల వద్ద, బడుల వద్ద, రేషను దుకాణాల వద్ద అంటించుటకు కళాశాల కమిటీవారు కాగితపు ఖర్చు మంజూరు చేయవలెనని కోరుచున్నాము. అనువాదపు పని మేము చేసి పెట్టగలము.