ప్రభ నడిచిన చేను ఎవరిది?

కనుమ నాడు కాకైనా కదలదని సామెత. ఆ రోజు ప్రయాణానికి సంచి సర్దుకున్న అల్లుణ్ణి అత్తవారు గుమ్మంలోనే ఆపేస్తారు. కోనసీమలో మాత్రం సరిగ్గా ఆ రోజే దేవుళ్ళు ఊరి పొలిమేర దాటుతారు. అంబాజీపేట మండలం మొసలపల్లి శివారున జగ్గన్నతోట అనే కొబ్బరితోట వుంది. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఏడాదికి ఒక్క పూట పదకొండు ఊళ్ళ శివాలయాల స్వాములు ప్రభలెక్కి, మనుషుల భుజాల మీద అక్కడికి వచ్చి కొలువుతీరుతారు. పొద్దు వాలాక ఎవరి ఊరికి వారు తరలిపోతారు. మర్నాటికి మళ్ళీ అది కొబ్బరితోటే.

వచ్చేవారు ఏకాదశ రుద్రులని భక్తుల విశ్వాసం. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు, పుల్లేటికుర్రు నుంచి అభినవ వ్యాఘ్రేశ్వరుడు, కె.పెదపూడి నుంచి మేనకేశ్వరుడు, ఇరుసుమండ నుంచి ఆనంద రామేశ్వరుడు, వక్కలంక నుంచి కాశీ విశ్వేశ్వరుడు, ముక్కామల నుంచి రాఘవేశ్వరుడు, గంగలకుర్రు అగ్రహారం నుంచి వీరేశ్వరుడు వస్తారు. నేదునూరు, పాలగుమ్మి, గంగలకుర్రు స్వాములు ముగ్గురి పేరూ చెన్నమల్లేశ్వరుడే. పేరు ఒకటైనా ఎవరి ప్రభ వారిది, ఎవరి పంతం వారిది. తోట మొసలపల్లి పొలిమేరలో వుంది గనుక అక్కడి మధుమానంత భోగేశ్వరుడు ఇంటి యజమాని, మిగిలిన పదిమందీ ఆయనకు చుట్టాలు. సభకు పెద్ద మాత్రం వ్యాఘ్రేశ్వరుడు. ఆయన ప్రభ తోటలో అడుగు పెట్టగానే అప్పటికే వచ్చి వున్న ప్రభలను ఒక్కసారి పైకి లేపి మర్యాద చేస్తారు. లోకం మంచి చెడ్డలు మాట్లాడుకోవడానికి రుద్రులు అలా చేరతారని పెద్దలు చెబుతారు. నాలుగు వందల ఏళ్ళుగా ఈ ఆచారం నడుస్తోందని వారి లెక్క.

ఇంతకాలం గోదావరి పాయల మధ్యనే వుండిపోయిన ఈ తీర్థం 2023లో ఢిల్లీ వెళ్ళింది. ఆ ఏడాది గణతంత్ర దినోత్సవం నాడు కర్తవ్యపథ్‌లో మన రాష్ట్రం తరఫున నడిచిన శకటం ప్రభల తీర్థమే. టీవీల ముందు కూర్చున్న కోనసీమ వాళ్ళు ఉప్పొంగిపోయారు. ఉప్పొంగడంలో తప్పు లేదు. వెదురు బద్దలు వంచి, తాళ్ళు బిగించి, రంగు బట్టలు, కుచ్చులు, గంటలు కట్టి ఊరి కుర్రకారు తయారు చేసుకునే వస్తువు దేశమంతా చూసే చోటికి పోవడం చిన్న సంగతి కాదు. దీనికోసం ఏ పెద్ద శిల్పీ పుట్టలేదు, ఏ అకాడమీ శిక్షణ ఇవ్వలేదు. తండ్రి ముడి వేస్తుంటే పక్కన తాడు పట్టుకుని నిలబడిన కొడుకు నేర్చుకున్న విద్య ఇది.

అయితే ఢిల్లీకి వెళ్ళింది ప్రభ రూపం. వెళ్ళలేనివి రెండున్నాయి. ఒకటి మోసే భుజం. రెండోది, ప్రభ నడిచే చేను. ఆ రెండో దాని గురించి ఎవరూ మాట్లాడరు గనుక ఇక్కడ కొంచెం మాట్లాడుకోవలసిన అవసరం ఎంతైనా వుంది.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు తోటకు వచ్చే దారి చూడని వారు జిల్లాలో వుండరేమో. రోడ్డు పట్టుకుని రావు. కొబ్బరితోటల్లోంచి, పచ్చని వరిచేలకు అడ్డంగా నడిచి, ఎగువ కౌశికలోకి దిగుతాయి. నడుములోతు నీళ్ళలో, కింద బురద జారుతుంటే, పైన ప్రభ ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క మోకులు లాగి నిలబెడుతూ, శరభ శరభ అని కేకలు వేస్తూ కుర్రవాళ్ళు ఆవలి గట్టు ఎక్కిస్తారు. ప్రభ నీళ్ళలో పడకూడదు. గట్టు మీద ఆడవాళ్ళు ఆ కాసేపూ ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఎన్ని తీర్థాలు చూసినా ఈ ఘట్టానికి సాటి వచ్చేది లేదు. గరగలు, వేషాలు, మేళాలు, బాణసంచా అన్నీ దీని తరువాతే.

ఆ ఘట్టం గురించి ప్రతి ఏడూ పత్రికల్లో ఒక వాక్యం తప్పకుండా వస్తుంది. ప్రభలు చేలు తొక్కినా రైతులు బాధపడరు, తమ పొలం మీదుగా స్వామి వెళ్ళడం అదృష్టంగా భావిస్తారు అని. నిజమే. ప్రభకు అడ్డం వచ్చి గట్టు మీద నిలబడిన రైతు ఎవడూ లేడు. అలాంటి బుద్ధి ఈ సీమలో ఎవరికీ పుట్టదు కూడా. కాని ఆ వాక్యంలో రైతు అన్న మాట ఎవరికి వర్తిస్తుందో అడిగినవారు లేరు.

పట్టా ఒకరిది, చెమట మరొకరిది అయిన పొలాలు కోనసీమలో కొల్లలు. భూమిగల ఆసామి హైదరాబాదులోనో, ఇంకా దూరాననో వుంటాడు. పండక్కి వస్తాడు, గట్టు మీద నిలబడి తన చేలోంచి ప్రభ వెళుతుంటే చేతులు జోడిస్తాడు, పుణ్యం మూటగట్టుకుని ముక్కనుమ దాటాక వెళ్ళిపోతాడు. చేలో దమ్ము చేసినవాడు, నారు కొన్నవాడు, ఊడ్పు కూలి ఇచ్చినవాడు కౌలుదారు. మక్తా బస్తాలు ప్రభ వచ్చిందని తగ్గవు. తొక్కిన మేరకు ఇన్ని కుంచాలు తగ్గించుకో అని ఆసామి అన్నట్టు ఎక్కడైనా జరిగి వుంటే సంతోషమే. కౌలు మాటల్లో సాధారణంగా ఆ ప్రస్తావనే రాదు.

కనుమ వచ్చేది జనవరి నడుమ. దాళ్వా ఊడ్పులు అప్పటికి కొన్ని చేలల్లో అయిపోయి వుంటాయి, కొన్నింటిలో సాగుతుంటాయి. ఊడ్చి పది పదిహేను రోజులైన చేను అంటే అప్పుడప్పుడే వేరు పట్టి పచ్చబడుతున్న చేను. దాని మీద ప్రభ మోసే వందలాది కాళ్ళు, ముందు మేళం, వెనక జనం నడిస్తే ఆ బాట మేర మొక్క బురదలోకి దిగబడుతుంది. కొంత లేస్తుంది, కొంత కుళ్ళుతుంది. మళ్ళీ ఊడ్చాలంటే నారు కావాలి. అప్పటికి నారుమడిలో మిగిలింది ముదురు నారు. ముదురు నారు పిలక సరిగా వెయ్యదని ప్రతి రైతుకూ తెలుసు. పైగా వెనక ఊడ్చిన ఆ చాలు చేనంతటితో కలిసి ఈనదు. కాలువలు కట్టేసే వేళకు ముందు ఊడ్చింది కోతకు వస్తుంటే, ఇది ఇంకా పాలు పోసుకుంటూ వుంటుంది. డెల్టా శివారు భూముల్లో నీటికి చివరి తడి ఎంత పాట్లు పెడుతుందో చెప్పనక్కరలేదు.

నష్టం ఎంత అంటే పెద్దదేమీ కాకపోవచ్చు. ఆసామికి అది లెక్కలోకి రాదు. రెండెకరాలు మక్తాకు చేసుకునే వాడికి వస్తుంది. గిట్టుబాటు లేదని, ముంపు తీరడం లేదని 2011లో సార్వా పంటకే విరామం ప్రకటించి దేశమంతటి దృష్టికి వచ్చిన సీమ ఇది. అప్పుడు ఎకరానికి మిగిలేది ఎంతో వేళ్ళమీద లెక్కపెట్టి చూపిన రైతుకు, నాలుగు సెంట్ల చేను విలువ తెలియకుండా వుండదు. కౌలుదారుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. చట్టాల సంగతి అటుంచితే, ఊళ్ళో అందరూ కలిసి చేసుకునే పండుగలో కౌలుదారుకు ఒక స్థానం ఇవ్వడానికి ఏ చట్టమూ అక్కరలేదు.

దేవుడి పనికి లెక్కలేమిటని కొందరు కోపగించుకోవచ్చు. దేవుడి పనికి లెక్కలు ఇప్పటికీ వున్నాయి. వెదురు ఎన్ని వచ్చాయి, తాడు ఎంత, బట్ట ఎన్ని గజాలు, మేళం వారికి బయానా ఎంత, బాణసంచాకు ఎంత అని చందా పుస్తకంలో పైసలతో సహా రాసుకుంటారు. మేళం వారికి ఇవ్వడం భక్తికి లోటు కానప్పుడు, స్వామికి దారి ఇచ్చిన చేనుకు నారు ఇవ్వడం లోటు ఎలా అవుతుంది? ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. అదే పండుగ మూడు రోజులూ కోడిపందేల బరికి చేను ఇచ్చినవాడికి ఏదో ఒకటి ముడుతుందని ఊళ్ళో పిల్లవాడికి కూడా తెలుసు. చట్టం వద్దన్న పందేనికి చేను ఇస్తే సొమ్ము, స్వామికి ఇస్తే వట్టి నమస్కారం. ఇది పట్టించుకోవలసిన సంగతి కాదా?

సొమ్మే ఇవ్వాలని కాదు. చేతికి డబ్బు ఇస్తే కౌలుదారు తీసుకోకపోవచ్చు కూడా. స్వామి వల్ల నష్టపోయానని చెప్పి చెయ్యి చాపడానికి ఎవరికి మనసొప్పుతుంది? అడగమని అతణ్ణి వదిలేయడం న్యాయం కాదు. అడగకుండానే ఇచ్చే పద్ధతి వుండాలి. ప్రభ వెళ్ళే బాట ఏటా దాదాపు ఒకటే. ఆ బాట వెడల్పు మేర ఊడ్పు ఆపుకుని, కనుమ వెళ్ళాక ఊడ్చుకోమని ముందే చెప్పవచ్చు. అందుకు సరిపడా నారు ఆలస్యంగా పోసిన మడి ఒకటి ఊరుమ్మడిగా పెంచవచ్చు. పది పన్నెండు సెంట్ల మడి ఊరికి బరువు కాదు. ముక్కనుమ నాడు ఆ నారు పీకి, ఊడ్పు కూలీలను పెట్టి, ప్రభ నడిచిన చాలును ఉత్సవ కమిటీయే ఊడ్పించి ఇస్తే, అది ప్రసాదం ఇచ్చినట్టే వుంటుంది. కౌలుదారు మొహమాటపడే పని వుండదు.

ముందటి రోజుల్లో ఇటువంటి పనులు ప్రభ మోసిన కుర్రవాళ్ళే చేసిపెట్టగలిగేవారు. భుజం కాయగాచిన వాళ్ళకు చేలో వంగడం కష్టమనిపించదు. ఇప్పుడు మోసేవారిలో సగంమంది గల్ఫ్ నుంచో, హైదరాబాదు నుంచో పండక్కి దిగినవారు. ఏడాదంతా బరువెత్తని భుజం ఆ ఒక్క పూటా ఎత్తుతుంది. వారి పట్టుదలకు దండం పెట్టవలసిందే. కాని ముక్కనుమ సాయంత్రానికి బస్సు ఎక్కాలి. చేను వాళ్ళకు గుర్తుండదు. ఇందులో వారి తప్పు కూడా లేదు.

ఈ సందర్భంలోనే ఎత్తు సంగతి. శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళే ప్రభలు ఆకాశాన్ని అంటుతాయి, విద్యుద్దీపాలతో వెలుగుతాయి. అక్కడి దారి వేరు, అక్కడి పద్ధతి వేరు. దాన్ని చూసి కోనసీమలో పోటీలు పడవలసిన పని లేదు. ఇక్కడి ప్రభ భుజం మీద నడవాలి, కొబ్బరి మట్టల కింద దూరాలి, కాలువ దాటాలి. ఎత్తు పెరిగినకొద్దీ కరెంటు తీగలు పైకి ఎత్తి పట్టే పని, సరఫరా ఆపే పని పెరుగుతాయి. మోకులు లాగేవారు ఎక్కువ కావాలి, అంటే చేలో కాళ్ళు ఎక్కువ పడతాయి. పక్క ఊరి ప్రభ కంటే మన ప్రభ ఒక మూర ఎత్తుండాలన్న పట్టింపుకు బాట వెడల్పు కూడా ఖర్చే. ఈ సంగతి కమిటీల వారికి తెలియనిది కాదు.

కాలం ఇంకో రకంగా కూడా మారుతోంది. కోనసీమలో వరి చేలు కొన్నిచోట్ల చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. మరికొన్నిచోట్ల రాళ్ళు పాతి ఇళ్ళస్థలాలుగా అమ్ముతున్నారు. చెరువులో ప్రభ నడవదు. ప్రహరీగోడ మీదుగా నడవదు. ప్రభ బాటలోని చేను చేనుగా మిగలాలంటే దానిలో వరి పండించేవాడు వుండాలి, వాడికి అంతో ఇంతో మిగలాలి. వరి గిట్టక కౌలుదారు పొలం వదిలేసిన రోజున ఆసామి దాన్ని చెరువుకే ఇస్తాడు. అప్పుడు గంగలకుర్రు ప్రభలు ఏ దారిన రావాలో, లారీ మీద రోడ్డున రావలసి వస్తుందేమో ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది. లారీ మీద వచ్చే ప్రభను చూడడానికి జగ్గన్నతోటకు అంతమంది రారు.

ధనుర్మాసం మొదలు కాగానే ఊళ్ళలో చందా పుస్తకాలు బయటికి వస్తాయి. ఆ పుస్తకాల్లో ఆఖరి పేజీ ఒకటి ఖాళీగా వుంచితే చాలు. కిందటేడు ప్రభ ఏయే చేలలోంచి వెళ్ళింది, పట్టా ఎవరిదైనా ఈ దాళ్వాకు సాగు చేస్తున్నది ఎవరు, ఎన్ని కట్టల నారు కావాలి అన్నవి అందులో రాసుకోవచ్చు. నారు పోయడానికి అదే అదను. కమిటీ పెద్దలు చందాకు తిరిగేటప్పుడు ఆ గట్ల మీదుగా కూడా ఒకసారి నడిచి రావాలి.