వెనకబడినవారి కోసం ఆగే గుంపు



ఈ మధ్య మన పట్టణాల్లో వారాంతాల్లో తెల్లవారుజామునే హెల్మెట్లు పెట్టుకుని, గుంపుగా సైకిళ్లపై పల్లెదారి పట్టేవారు కనిపిస్తున్నారు. హైదరాబాదులో 2007లోనే బైసైక్లింగ్ క్లబ్ ఏర్పడింది. తర్వాత ఈ అలవాటు జిల్లాలకూ పాకింది. ఇది మంచి అలవాటే. తిరుపతి నుండి చంద్రగిరి కోటకు పోయిరావాలంటే దాదాపు 30 కిలోమీటర్లు. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున నింపాదిగా తొక్కితే రెండు గంటల పని. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందులో ఎక్కువ భాగం ఒక్క ఉదయంతోనే తీరిపోతుంది. పైగా శరీర బరువును సీటు మోస్తుంది కనుక మోకాళ్లపై భారం తక్కువ.

అయితే ఇటువంటి గుంపుల గురించి నా అభిప్రాయం ఒకటుంది. గుంపు ఎంత వేగంగా పోయిందన్నది ముఖ్యం కాదు. చివరన వచ్చేవారి కోసం ఆగిందా లేదా అన్నదే ముఖ్యం.

ఎందుకంటే వ్యాయామం ఎవరికి ఎక్కువ అవసరమో వారే వెనకబడతారు. నలభై దాటి షుగరు, బి.పి. ఉన్నవారు, ఒళ్లు చేసిన గృహిణులు, పదేళ్లుగా సైకిల్ ముట్టనివారు వీరే. మొదటి రోజే అందరూ వదిలేసి పోతే రెండోసారి రారు. కొందరు సిగ్గుపడి, ఆయాసం దాచుకుని ముందువారిని అందుకోవాలని చూస్తారు. అది మరీ ప్రమాదం. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు ఏమీ తినకుండా గంటసేపు తొక్కితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, చూపు మసకబారడం దాని గుర్తులు. వెంటనే ఆపి మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగాలి. కానీ పక్కన ఎవరూ లేకుంటే ఈ గుర్తులు కనిపెట్టేదెవరు? ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే 108కి ఫోను చేసేదెవరు?

మంచి క్లబ్బుల్లో అనుభవం ఉన్న ఒకరు అందరికంటే వెనక వస్తారు. ఆయన్ని 'స్వీప్' అంటారు. ఎవరినీ తన వెనక వదిలిపెట్టకపోవడమే ఆయన పని. నా దృష్టిలో ముందు నడిపించేవారికంటే ఆయనే పెద్ద. ప్రతి గుంపులోనూ అటువంటివారు ఒకరు ఉండాలి.

"నిదానంగా పోతే మాకు వ్యాయామం ఎక్కడిది?" అని కుర్రవాళ్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వారు ముందే అనుకున్న చోటికి వేగంగా పోయి, అక్కడ నీళ్లు తాగుతూ మిగతావారి కోసం ఆగవచ్చు. మిగిలినవారికి ఒక్కటే కొలత: తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే మోస్తరు వ్యాయామం. 200 కిలోమీటర్లను 13న్నర గంటల్లో ముగించే బ్రెవే సవారీలలో కూడా మొదటి స్థానం, రెండో స్థానం అంటూ ఉండవు. గడువులోగా చేరినవారంతా సమానమే.

గుంపు బలం ఏమిటో మన పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, కలెక్టరు షీలా రాణి చుంకత్ ప్రోత్సాహంతో వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. పొలం కూలీలు, క్వారీ కూలీలు, గ్రామ నర్సులు అందులో ఉన్నారు. ఒంటరిగా అయితే ఎగతాళికి వెనక్కి తగ్గేవారేమో. పదిమంది కలిసి రావడంతో నిలబడ్డారు. మన అమ్మలకు, అత్తమ్మలకు అటువంటి తోడు దొరికితే వారూ తొక్కరా?

బయలుదేరేవారికి నాలుగు మాటలు. నలభై దాటినవారు ముందుగా బి.పి., షుగరు చూపించుకోండి. ఏదైనా తిని, నీళ్లు, కాస్త చక్కెర వెంట పెట్టుకోండి. హెల్మెట్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. మన ఎండ సంగతి తెలుసు కదా, వేసవిలో ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరండి. దారిలో కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు రండి. పసుపు, కారం పూయవద్దు.

ఇంకొక సంగతి. వ్యాయామం వల్ల షుగరుకు కలిగే మేలు ఒకటి రెండు రోజులే ఉంటుంది. కనుక శనివారం సవారీతో సరిపెట్టక, మధ్యలో అంగడికీ, బంధువుల ఇంటికీ సైకిల్ పైనే పోండి. పోయేటప్పుడు పక్కింటివారిని కూడా పిలవండి. వారు నిదానంగా తొక్కితే మీరూ నిదానించండి.