నలుగురిదీ కర్కాటకమే



సత్యభామది సింహరాశి, గిరీశానిది మిథునం, మధురవాణిది తుల అంటూ గత వారం మీ పత్రిక అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. సరదాగానే రాసి ఉండవచ్చు గానీ, ఆ పద్ధతితో నాకు పేచీ ఉంది.

కవి స్వయంగా నక్షత్రాలు చెప్పిన పాత్రలు మనకు ఉన్నాయి కదా! బాలకాండలో వాల్మీకి రాముడిది పునర్వసు, భరతుడిది పుష్యమి, లక్ష్మణ శత్రుఘ్నులది ఆశ్లేష అన్నాడు. రాముడి కర్కాటక లగ్నంలోనే గురుచంద్రులు కలిసి ఉన్నారనీ చెప్పాడు. అంటే అన్నదమ్ములు నలుగురిదీ కర్కాటక రాశే. మరి అడవికి పొమ్మంటే రాముడు తలవంచాడు. లక్ష్మణుడు తండ్రి మీదే మండిపడ్డాడు. భరతుడు చేతికొచ్చిన రాజ్యాన్ని కాదని పాదుకలకు పట్టం కట్టాడు. వీళ్లను ఒకే గాటన కట్టగలమా?

సత్యభామ సంగతి మాకు ఇంకా దగ్గరిది. మా పామర్రు పక్కనే కూచిపూడి. భామాకలాపంలో భామ తెర వెనకే నిలబడి, జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నన్ను మించినవారుంటే రమ్మనే సవాలు అది. అదే భామ తర్వాత చెలికత్తె మాధవిని బతిమాలుకుని కృష్ణుడికి లేఖ పంపుతుంది. సింహరాశి అని ముద్ర వేస్తే ఈ రెండో భామ ఎక్కడికి పోవాలి?

మధురవాణికైతే గురజాడ 1909 నాటి ‘కన్యాశుల్కం’ కూర్పులోనే అంత నిండుదనం తెచ్చారు. అది రచయిత కష్టం, గ్రహబలం కాదు.

దయచేసి వచ్చే వారం నుంచి ఆ శీర్షికలో రాశులకు బదులు, ఆ పాత్రలు ఏ ఘట్టంలో ఏం చేశాయో రాయించండి.

— ఒక పాఠకురాలు, పామర్రు, కృష్ణా జిల్లా