రాయచోటి, రాజంపేటలే కీలకం

కడప: 2029 శాసనసభ ఎన్నికల్లో ఉమ్మడి కడప జిల్లాలో ఏయే స్థానాలు చేతులు మారవచ్చన్న చర్చ అప్పుడే మొదలైంది.

మొత్తం 10 స్థానాల్లో వైకాపా 2014లో తొమ్మిదింటిని, 2019లో పదింటినీ గెలుచుకుంది. 2024లో ఆ పార్టీకి పులివెందుల, బద్వేలు, రాజంపేట మాత్రమే మిగిలాయి. తెదేపా ఐదు, దాని మిత్రపక్షాలైన భాజపా, జనసేన చెరొకటి కైవసం చేసుకున్నాయి.

రాయచోటిలో తెదేపా ఆధిక్యం 2,495 ఓట్లే. 1,248 మంది అటు నుంచి ఇటు మొగ్గినా ఫలితం తారుమారయ్యేది. 2025 చివర జిల్లా కేంద్రం మదనపల్లెకు తరలిపోవడం పట్టణవాసులను కలచివేసింది. ఆ ఆవేదన చల్లారకుంటే తెదేపాకు ఎదురీత తప్పదు.

రాజంపేట తీరు వేరు. 2014లో జిల్లాలోని మిగిలిన స్థానాలన్నీ వైకాపా గెలిస్తే ఇక్కడ తెదేపా నెగ్గింది. 2024లో గాలి కూటమి వైపు వీస్తే ఇక్కడ వైకాపా 7,016 ఓట్లతో గట్టెక్కింది. 2025 ఆగస్టులో ఈ నియోజకవర్గంలోని ఒంటిమిట్ట జడ్పీటీసీ ఉప ఎన్నికలో తెదేపా గెలిచింది. పోలింగులో అక్రమాలు జరిగాయన్నది వైకాపా ఆరోపణ. కాబట్టి ఆ ఒక్క ఫలితాన్నే కొలబద్దగా తీసుకోలేం. 2021 నవంబరు వరదకు కొట్టుకుపోయిన అన్నమయ్య జలాశయం కట్ట ఎన్నికల నాటికి నిలబడిందా లేదా అన్నదే చెయ్యేటి తీర గ్రామాల తీర్పును నిర్దేశించవచ్చు.