పొద్దుగూకేలోగా కూలి: సింహాచలం క్రైస్తవులకు ఒక ప్రణాళిక

పరలోక రాజ్యం గురించి యేసు చెప్పిన ఉపమానాల్లో ప్రార్థనామందిరం దాదాపు కనిపించదు. కనిపించేవి పొలం, వల, పిండి, అప్పు పద్దు, కూలీలు నిలబడే వీధి, పెళ్లి విందు. సింహాచలం కొండ చుట్టూ గోపాలపట్నం, అడవివరం, పెందుర్తి వైపు కాపురముంటున్న క్రైస్తవ కుటుంబాలు బతుకుతున్నదీ వీటి మధ్యనే. పోర్టులో, ఉక్కు కర్మాగారంలో, తాపీ పనుల్లో, చేపల రేవులో కష్టపడే ఈ విశ్వాసులు ఆ ఉపమానాలను ఆదివారం విని వదిలేయకుండా వారమంతా పాటించాలన్నదే ఈ ప్రణాళిక ఉద్దేశం. రోమన్ కాథలిక్ (ఆర్‌సీఎం) అయినా, బాప్టిస్టు అయినా, పెంతెకొస్తు అయినా, దీన్ని ఒప్పుకున్నవారు కింది మాటలకు కట్టుబడతారు.

మొదటి మాట కూలి గురించి. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని పొద్దుపొడిచినప్పటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా అయిదుసార్లు మనుషుల కోసం బయటికి వెళ్తాడు. చివరిసారి కనిపించినవారు పని ఎగ్గొట్టినవారు కారు, ఎవరూ పిలవక నిలబడిపోయినవారు. విశాఖ కూడళ్లలో అడ్డా కూలీలది రోజూ ఇదే పరిస్థితి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లు తెల్లారేసరికి తాపీ, తట్ట, అన్నం క్యారేజీతో రోడ్డు వార నిలబడతారు. మేస్త్రి ముందు కండపుష్టి ఉన్న కుర్రాళ్లను ఏరుకుంటాడు. తొమ్మిది దాటాక మిగిలేది వయసు మళ్లిన ఆడవాళ్లు, బరువు ఎత్తలేని పెద్దవాళ్లు. పని దొరకలేదని ఆ పూట వాళ్లింట్లో ఆకలి తగ్గదు. యజమాని అందరికీ తలో దేనారం ఇవ్వడంలోని న్యాయం అక్కడుంది: ఒక ఇల్లు ఒక రోజు గడవడానికి ఎంత కావాలో అంత ఇచ్చాడు. కాబట్టి ఈ ప్రణాళికకు కట్టుబడినవారు పనికి పిలిచిన మనిషికి ఆ సాయంత్రమే కూలి చేతిలో పెడతారు. వానొచ్చి మధ్యాహ్నానికే పని ఆగినా పూర్తి కూలి ఇస్తారు. ఆడ కూలికీ మగ కూలికీ తేడా చూపరు. చర్చి కట్టేటప్పుడు దేవుని పని కదా అని రేటు తగ్గించమని అడగరు.

అప్పు సంగతి ఇంతకన్నా కఠినమైనది. ఇంకో ఉపమానంలో ఒక రాజు తన దాసుడికి పదివేల తలాంతుల బాకీ కొట్టేస్తాడు. ఆ దాసుడు గడప దాటగానే, తనకు నూరు దేనారాలు బాకీపడ్డ తోటివాడి గొంతు పట్టుకుంటాడు. దేనారం అంటే ఆనాడు ఒక రోజు కూలి, తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. ఆ లెక్కన దాసుడికి మాఫీ అయింది 6 కోట్ల రోజుల కూలి, అతను వదులుకోలేకపోయింది 100 రోజుల కూలి. ఈ లెక్క తెలిసినవాడు, ప్రార్థనలో తన పక్కన మోకరించిన మనిషి దగ్గర నూటికి అయిదు, పది వడ్డీ ఎలా తీసుకుంటాడు? ఈ ప్రణాళికవారు ఆసుపత్రి కోసం, పిల్లల ఫీజు కోసం ఇచ్చిన అప్పు మీద వడ్డీ తీసుకోరు. భర్త రాసిన ప్రామిసరీ నోటు పట్టుకుని అతను పోయాక భార్య గుమ్మంలో నిలబడరు.

పొలంలో దొరికిన నిధి కథను బోధకులు జాగ్రత్తగా చెప్పాలి. నిధి దొరికిన మనిషి ఆ పొలం కొనడానికి ఉన్నదంతా అమ్ముకున్నది తన సంతోషం కొద్దీ. ఎవరూ అడిగి అమ్మించలేదు. ఇక్కడ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది, దాని కోసం 64 గ్రామాల భూములు పోయాయి. పునరావాస కార్డు (ఆర్ కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి తిరిగిన నిర్వాసితులు ఈ ప్రాంతంలో ఉన్నారు. ఒకసారి అంతా పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి, ఇస్తే నూరంతలు వస్తుందని ఆశపెట్టి కానుక రాబట్టడం దేవుని పేరిట చేసే దోపిడి. అప్పుల్లో ఉన్నవారిని దశమభాగం అడగరాదు.

ఇక ఇరుగుపొరుగు మాట. గోధుమల్లో గురుగులు మొలిచాయని పనివాళ్లు పీకేయబోతే యజమాని కోతదాకా ఆగమంటాడు. వరి పండించే రైతుకు ఇది వివరించనక్కర్లేదు. ఊద కూడా వెన్ను తీసేదాకా వరిలాగే ఉంటుంది, తొందరపడి పీకితే వరి వేరూ వస్తుంది. తీర్పు దేవుడి పని అని నమ్మినవారు పక్కవాడి భక్తిని ఎగతాళి చేయరు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ దిగువన తొలిపావంచా దగ్గర మొదలై దాదాపు 32 కిలోమీటర్లు సాగే గిరి ప్రదక్షిణలో లక్షల మంది భక్తులు ఈ విశ్వాసుల ఇళ్ల ముందు నుంచే నడుస్తారు. ఆ రాత్రి క్రైస్తవుల ఇళ్ల ముందు మంచినీళ్లు, కూర్చోవడానికి బల్ల ఉండాలి. నీళ్లతోపాటు కరపత్రం ఇవ్వకూడదు. సింహాచలం ఆలయంలో చందనోత్సవం జరిగే రోజున మైకు కట్టకూడదు. పక్క సంఘం విశ్వాసులను లాక్కునే పోటీకి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. జనం రోడ్ల మీదే కూలిపోతుంటే పోలీసులు, ఇరుగుపొరుగువారు చేతుల మీద మోసుకెళ్లారు. మత్తయి 25వ అధ్యాయంలో తీర్పు రోజున రాజు అడిగేది ఇలాంటి పని గురించే, ఎవరు ఏ పాట పాడారని కాదు. అందుకే ప్రతి సంఘం తన వీధిలో ఒంటరిగా ఉండే ముసలివారెవరు, మంచం పట్టినవారెవరు, ఆటో ఎవరి దగ్గరుంది అన్న వివరాలు రాసి పెట్టుకోవాలి. అందులో మతం గడి ఉండకూడదు. తుఫాను వస్తే, గ్యాస్ లీకయితే మందిరం తలుపులు అర్ధరాత్రయినా తెరవాలి.

విశ్వాసుల సంఖ్యల గురించి ఒక మాట. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. తాము తెలుగు చేసిన ఆవగింజ ఉపమానాన్ని వాళ్లు పుస్తకంలో చూసుకోనేలేదు. విత్తినవాడు నిద్రపోతున్నా విత్తనం పెరుగుతుందని మార్కు 4వ అధ్యాయం చెబుతుంది. కాబట్టి ఈ సంఘాలు బాప్తిస్మాల లెక్కలు ఫ్లెక్సీల మీద వేయవు, ఎవరి మందిరం పెద్దదని పోటీపడవు.

ఈ ప్రణాళికను ఒప్పుకునే సంఘం వచ్చే ఆదివారమే పని మొదలుపెట్టాలి. ప్రకటనల సమయంలో ముందుగా మందిరం ఊడ్చే మనిషికీ రాత్రి కాపలాదారుకీ నెలకెంత ఇస్తున్నారో అందరికీ వినబడేలా చదవాలి. అది ఒక కుటుంబం గడవడానికి చాలకపోతే, కొత్త సౌండు సిస్టం కొనడం ఆపి, ఆ నెల నుంచే జీతం పెంచాలి.